మెడ ఆపరేషన్ తర్వాత కోలుకోవడం: ఎమ్మారై చెప్పేది, చెప్పలేనిది

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో రాజమహేంద్రవరంలో చేసిన ఉపన్యాసం పాఠం



సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్ననాటి చదువు కొంత ఈ రాజమండ్రిలోనే సాగింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని తీసుకుపోయింది. ఆయన్ని కూడా పట్టి పీడించింది. అమెరికా వెళ్లి, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో చూపించారు. ఆ శక్తిని అందించే ఏటీపీ మీద వారి ప్రకటన 1929లో వచ్చింది. 1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. బోదకాలుతో తరతరాలు బాధపడ్డ మన గోదావరి జిల్లాలకు హెట్రజాన్ మందు కూడా ఆ బృందం నుంచే వచ్చింది. 1948 ఆగస్టు 8న, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన జీవరసాయన శాస్త్రవేత్త, నేను మెడ, నడుము ఆపరేషన్లు చేసే సర్జన్ని. ఈ రెండు పనులనూ కలిపే చరిత్ర ఒకటుంది. ఫోలిక్ యాసిడ్ చేతికొచ్చిన కొత్తలో దాన్ని రక్తహీనత రోగులకు ఇచ్చారు. రక్తం పెరిగింది. పెర్నీషియస్ ఎనీమియా అనే రకంలో మాత్రం, రక్తం పెరుగుతున్నా కొందరికి కాళ్ల తిమ్మిర్లు, తూలు ఎక్కువయ్యాయి. వాళ్లలో అసలు లోపం విటమిన్ బి12ది. ఆ బి12ను వేరుచేయగలిగింది 1948లో, సుబ్బారావు గారు పోయిన ఏడాదే. రక్త పరీక్ష కాగితం మీద అంకె బాగుపడింది, లోపల వెన్నుపాము దెబ్బతింటూనే ఉంది. ఒక కొలత బాగున్నంత మాత్రాన మనిషి బాగున్నట్టు కాదని వైద్యలోకం అక్కడ నేర్చుకుంది. ఈ రోజు నేను మాట్లాడబోయే ఎమ్మారై కూడా ఒక కొలతే. దాన్ని ఎంత నమ్మాలి, ఎక్కడ ఆగాలి, దానితో ఏం చేయాలి అన్నదే నా విషయం.

ఓపీలో వినిపించే మాటలు

మెడలో వెన్నుపాము నలుగుతున్న మనిషి చాలాసార్లు మెడ నొప్పి అని రాడు. "చెప్పు కాలి నుంచి జారిపోతోందండి, జారిన సంగతి కూడా తెలవట్లేదు" అంటాడు. "చొక్కా గుండీలు మా ఆవిడ పెడుతోందండి" అంటాడు. "అన్నం కలుపుకుంటే ముద్ద నిలవట్లేదండి" అని ఓ పెద్దావిడ చేయి చూపిస్తుంది. రైతయితే గట్టు మీద నడవలేకపోతున్నానంటాడు. రోడ్డు మీద బాగానే నడుస్తాడు, సన్నటి గట్టు ఎక్కేసరికి కాలు తడబడి చేలోకి దిగుతాడు. రేవులో మునకేసి కళ్లు మూసుకుంటే ఒళ్లు తూలిపోతోందని చెప్పినవాళ్లున్నారు. వీటిలో ప్రతి మాటా పాఠ్యపుస్తకంలోని ఒక లక్షణమే. గట్టు మీద తడబాటు నడకను నడిపించే తంతువులు దెబ్బతిన్న గుర్తు. కళ్లు మూసుకుంటే తూలడం, కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే వెనకవైపు తంతువులు దెబ్బతిన్న గుర్తు.

ఈ జబ్బుకు వైద్యులు పెట్టిన పేరు సర్వైకల్ మైలోపతి. వయసుతో పాటు డిస్కులు అరిగి వెనక్కి ఉబ్బుతాయి, ఎముకల అంచుల్లో ముళ్లలాంటి స్పర్లు పెరుగుతాయి, లిగమెంట్లు మందమవుతాయి. మెడలో వెన్నుపాము ఉండే దారి ముందు నుంచి వెనక్కి సాధారణంగా 17, 18 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 కన్నా తగ్గితే ఇరుకు అంటాం. పుట్టుకతోనే ఆ దారి ఇరుకుగా ఉన్నవాళ్లకు చిన్న ఉబ్బు చాలు. పెద్దవాళ్లలో వెన్నుపాము పనిచేయకుండా పోవడానికి ప్రపంచమంతటా అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఈ అరుగుదలే.

బస్తాలు మోసే జట్టు కూలీ, పొద్దస్తమానం తలెత్తి పనిచేసే కొబ్బరి దింపు కార్మికుడు, నర్సరీలో తట్టలు నెత్తిన పెట్టుకునే కడియం ఆడకూతురు, వీళ్లందరికీ మెడే పనిముట్టు. అందుకే ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "మునుపట్లా అవుతాడాండీ? మళ్లీ చెట్టెక్కుతాడా?" ప్రాణం పోతుందా అని అడిగేవాళ్లకన్నా, పని చేసుకుంటాడా అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆ ప్రశ్నకు బాధ్యతతో జవాబు చెప్పడానికి మన దగ్గర ఏమున్నాయో చూద్దాం.

తెల్లటి మచ్చ

ఎమ్మారై రాకముందు నడుములో సూది గుచ్చి, వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. దాన్ని మైలోగ్రామ్ అనేవారు. నొక్కుడు ఎక్కడుందో అది చూపించేది. నొక్కుడు కింద వెన్నుపాము లోపల ఏమైందో చూపించేది కాదు. పాల్ లాటర్‌బర్ 1973లో అయస్కాంత క్షేత్రంతో బొమ్మ తీయవచ్చని ప్రకటించాడు. ఆ పనికి 2003లో పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అలా పుట్టిన ఎమ్మారై ఆసుపత్రులకు చేరాకే బతికున్న మనిషి వెన్నుపాము లోపలి భాగాన్ని మొదటిసారి చూడగలిగాం.

ఎమ్మారైలో టీ1, టీ2 అని రెండు ముఖ్యమైన రకాల బొమ్మలు ఉంటాయి. టీ2 బొమ్మలో నీరు ఎక్కువున్న చోటు తెల్లగా కనిపిస్తుంది. నొక్కుడు పడ్డ చోట వెన్నుపాములో తెల్లటి మచ్చ కనిపించడం గురించి 1980ల చివరిలో జపాన్ వైద్యులు వివరంగా రాశారు. తకహాషి బృందం పరిశీలన 1989లో వెలువడింది. అప్పటి నుంచి సర్జన్లు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు: ఈ మచ్చ ఉంటే రోగి కోలుకుంటాడా, కోలుకోడా?

జవాబు తేలిగ్గా దొరకకపోవడానికి కారణం ఉంది. వెన్నుపాములో వాపు వచ్చినా తెల్లగానే కనిపిస్తుంది. తంతువుల మీది మైలిన్ పొర ఊడినా, రక్తం సరిగా అందకపోయినా, కణాలు చచ్చి గట్టిబడ్డా, చివరికి అక్కడ గుంట పడినా తెల్లగానే కనిపిస్తుంది. వాపు తగ్గుతుంది. మైలిన్ పొర కొంతవరకు తిరిగి కట్టుకుంటుంది. చచ్చిన నరకణం మాత్రం తిరిగి రాదు. తగ్గేదీ తగ్గనిదీ ఒకే తెలుపులో కలిసిపోతే ఏది ఏదో చెప్పడం కష్టం.

మన డెల్టా రైతుకు దీన్ని ఇలా చెబుతాను. పిల్లకాలవలో గుర్రపుడెక్క అడ్డుపడి చివరి చేలకు నీరందలేదు. డెక్క తీసేస్తే నీరు ఆ రోజే పారుతుంది. పైరు లేస్తుందా లేదా అన్నది మాత్రం చేను ఎన్నాళ్లు ఎండింది, వేరు ఇంకా బతికుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సర్జన్ చేసేది డెక్క తీయడమే. వేరు సంగతి చూడ్డానికే ఎమ్మారై.

వేరు సంగతి చెప్పే గుర్తులు కొన్ని తేలాయి. మచ్చ అసలు లేకపోతే మంచిదే. మసకగా, అంచులు కలిసిపోయినట్టుగా ఉన్న తెలుపు ఒక్కటే ఉంటే ఆశ బాగానే పెట్టుకోవచ్చు. అంచులు స్పష్టంగా, ద్రవమంత తెల్లగా మెరిసే మచ్చ ఉంటే జాగ్రత్తగా మాట్లాడాలి. అదే చోటు టీ1 బొమ్మలో నల్లగా కనిపిస్తే అక్కడ కణజాలం నశించిందనే అనుమానం బలపడుతుంది. మచ్చ ఒకటి కన్నా ఎక్కువ చోట్ల ఉండటం, వెన్నుపాము పలచబడి చిక్కిపోవడం కూడా మంచి గుర్తులు కావు. అడ్డుకోత బొమ్మలో బూడిద రంగు పదార్థం రెండువైపులా రెండు తెల్లటి చుక్కల్లా కనిపిస్తే దాన్ని పాము కళ్ల గుర్తు అంటారు. అలాంటప్పుడు చేతి కండరాలు తిరిగి బలపడటం కష్టమే.

ఈ విషయంలో మనకు దగ్గరి సాక్ష్యం వేలూరులో ఉంది. మన ఊళ్ల నుంచి ఎంతోమంది రైలెక్కి కాట్పాడిలో దిగి వెళ్లే రాయవేలూరు అది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జేకబ్ చాందీ 1949లో న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. ఆ విభాగంలోనే వేదాంతం రాజశేఖర్, ఆయన సహచరులు మెడ ముందు నుంచి ఆపరేషన్ చేసిన రోగుల ఎమ్మారైలను, తర్వాతి నడకను పోల్చి 2011లో ప్రచురించారు. మచ్చ ఉందా లేదా అన్నదాని కన్నా అది ఎలాంటిదన్నది ముఖ్యమని, స్పష్టమైన అంచులతో మెరిసే మచ్చ ఉన్నవారిలో పూర్తిగా కోలుకునేవారు తక్కువని ఆ పని చెప్పింది. అదే విభాగం నుంచి 2005లో వచ్చిన ఇంకో పరిశీలన ఉంది. మంచం పట్టినవాళ్లు, ఒకరి సాయం లేకుండా నడవలేనివాళ్లు కూడా ఆపరేషన్ తర్వాత చాలామంది మెరుగయ్యారని అది చూపింది. ఈ రెండిటినీ కలిపి చదవాలి. మొదటిది అతిగా ఆశ పెట్టవద్దంటుంది. రెండోది ఎవరినీ వదిలేయవద్దంటుంది.

మనిషిని కొలవడం

బొమ్మను కొలిచినంత శ్రద్ధగా మనిషిని కొలవకపోతే అంచనాకు అర్థం లేదు. జపాన్ ఆర్థోపెడిక్ సంఘం 1975లో ఈ జబ్బుకు 17 మార్కుల పట్టిక తయారుచేసింది. చేతుల పని, కాళ్ల పని, స్పర్శ, మూత్రం మీద అదుపు అనే నాలుగు విషయాలకు మార్కులు. చేతి పనికి వాళ్లు చూసింది చాప్‌స్టిక్స్‌తో తినగలడా అని. 1991లో బెంజెల్ బృందం దాన్ని 18 మార్కులకు మార్చి గుండీలు, చెంచాలు పెట్టింది. 15 నుంచి 17 వరకు తేలిక దశ, 12 నుంచి 14 వరకు మధ్య దశ, 11 అంతకన్నా తక్కువైతే తీవ్ర దశ. మనవాళ్లను అడగాల్సింది అన్నం కలిపి ముద్ద నోటిదాకా తీసుకెళ్లగలడా అని, పంచె లేదా చీర కట్టుకోగలరా అని.

ఆపరేషన్ తర్వాత ఎంత కోలుకున్నారో లెక్కకట్టే పద్ధతిని హిరబయాషి అనే సర్జన్ ఇచ్చాడు. మెడ వెనక నుంచి తలుపు తీసినట్టు వెన్నుపూస కమానును తెరిచే లామినోప్లాస్టీని 1977లో మొదలుపెట్టింది ఆయనే. రోగి పోగొట్టుకున్న మార్కుల్లో ఎన్ని తిరిగి వచ్చాయన్నదే ఆ లెక్క. 17కి 9 మార్కులున్న మనిషి 13కి చేరితే, పోయిన 8లో 4 వచ్చినట్టు, అంటే 50 శాతం.

ఉత్తర అమెరికాలో అనేక ఆసుపత్రులు కలిసి 278 మందిని ఆపరేషన్ తర్వాత ఏడాదిపాటు గమనించి 2013లో ఫలితాలు ప్రకటించాయి. తేలిక దశలో వచ్చినవారు సగటున 1.3 మార్కుల దాకా, మధ్య దశవారు 2.6 దాకా, తీవ్ర దశవారు దాదాపు 5 మార్కులు పెరిగారు. తీవ్ర దశవారికే ఎక్కువ లాభం వచ్చినట్టు కనిపిస్తుంది. అయితే 9 దగ్గర మొదలైన మనిషి 14కి వచ్చినా గుండీలతో కుస్తీ పడుతూనే ఉంటాడు. 15 దగ్గర వచ్చినవాడు 16కి చేరితే తన పని తాను చేసుకుంటాడు. ఎక్కువ మార్కులు పెరగడం కన్నా తక్కువ పోగొట్టుకోవడమే మేలని ఈ లెక్క నేర్పుతుంది. ఈ సభలో వైద్యులు గుర్తుపెట్టుకోవాల్సిన ఒకే విషయం అడిగితే నేను దీన్నే చెబుతాను.

అదే పరిశోధకులు ఏయే విషయాలు ముందుగా ఫలితాన్ని చెబుతాయో వెతికారు. వయసు, లక్షణాలు మొదలై ఎన్నాళ్లయింది, ఆపరేషన్ నాటికి మార్కులెన్ని, నడక చెడిందా, పొగతాగే అలవాటుందా, దిగులు లాంటి మానసిక ఇబ్బందులున్నాయా అన్నవి పైకి వచ్చాయి. ఇందులో ఎమ్మారై పేరు లేదు. ఎమ్మారై పనికిరాదని దీనికి అర్థం కాదు. రోగి నడకను చూడకుండా, కథను వినకుండా ఎమ్మారై ఒక్కటే జవాబు చెప్పలేదని అర్థం.

ఈ జాబితాలో వయసు మన చేతిలో లేదు. పొగ మానడం రోగి చేతిలో ఉంది. లక్షణాలు మొదలైనప్పటి నుంచి ఆపరేషన్ దాకా గడిచే కాలం మాత్రం మనందరి చేతిలో ఉంది. సంపన్న దేశాల్లో కూడా ఈ జబ్బును గుర్తించడానికి సగటున రెండేళ్లు దాటుతోందని పరిశీలనలున్నాయి. మన దగ్గర తిమ్మిర్లకు బి కాంప్లెక్స్ సూదులు, తూలుకు బీపీ మాత్రలు, బలహీనతకు సెలైన్ బాటిళ్లు అయ్యాక, మూత్రం బిగిసినప్పుడు పెద్దాసుపత్రి గుర్తొస్తుంది. అప్పటికి మచ్చ మెరుస్తూ ఉంటుంది.

బొమ్మ భయపెట్టినప్పుడు

ఇంకో వైపు కూడా చెప్పాలి. 1990లో బోడెన్ బృందం మెడ బాధ ఎరుగని 63 మందికి ఎమ్మారై తీసింది. 40 ఏళ్లలోపు వారిలో 14 శాతం, 40 దాటినవారిలో 28 శాతం మంది బొమ్మల్లో పెద్ద లోపాలే కనిపించాయి. వాళ్లకు ఏ బాధా లేదు. ఈ రోజు ఊరూరా స్కాన్ సెంటర్లు వచ్చాయి. మెడ పట్టేసిందని స్కాన్ తీయించుకుని, డిస్కు ఉబ్బిందన్న రిపోర్టు చూసి నిద్ర మానేసినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల నడక, చేయి, రిఫ్లెక్సులు బాగుంటే ఆ కాగితం కోసం ఆపరేషన్ అక్కర్లేదు. 2017లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మధ్య, తీవ్ర దశలకు ఆపరేషన్ సూచించాయి. తేలిక దశకు ఆపరేషన్ గానీ, పర్యవేక్షణలో వ్యాయామ చికిత్స గానీ సరిపోతుందని, పరిస్థితి దిగజారితే మాత్రం ఆపరేషన్ చేయాలని చెప్పాయి.

మచ్చ ఉన్నంత మాత్రాన అది నొక్కుడు వల్లే అనుకోవద్దు. బి12 లోపంలో మెడ వెన్నుపాము వెనకభాగంలో పొడుగ్గా తెలుపు వస్తుంది. అడ్డుకోతలో అది తిరగేసిన వి ఆకారంలో ఉంటుంది. అలాంటి మనిషికి డిస్కు ఉబ్బు కూడా ఉంటే, ఆపరేషన్ చేసినా తూలు తగ్గదు. దానికి కావలసింది బి12 సూది. పైగా బి12 లోపం ఉన్నవారికి మత్తులో నైట్రస్ ఆక్సైడ్ వాడితే వెన్నుపాము ఇంకా దెబ్బతినవచ్చు. మెడ ఆపరేషన్‌కు ముందు బి12 పరీక్ష చేయించడం, సుబ్బారావు గారి కాలంలో వైద్యం నేర్చుకున్న పాఠాన్ని మనం పాటించడమే.

వెన్నుపాము నలగడానికి మన తెలుగు నేల మీదే ఇంకో కారణం ఉంది. కాలవ నీటి మీద బతికే డెల్టాకు అది దూరపు జబ్బు అనిపించవచ్చు. అప్పటి నెల్లూరు జిల్లాలో, బావి నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు గట్టిబడి మనుషులు వంగిపోతున్నారని 1937లో షార్ట్ బృందం రాసింది. 1955లో నల్గొండ జిల్లా నుంచి సిద్దిఖీ రాశారు. లిగమెంట్లు ఎముకలా మారి వెన్నుపామును చాలా పొడవునా నొక్కేస్తాయి. ఈ ఫ్లోరైడు మైలోపతి మీద ఏళ్ల తరబడి పనిచేసి ప్రపంచానికి చెప్పినవారు హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ దేమె రాజారెడ్డి గారు. ఇలాంటి రోగికి ఎమ్మారైతో పాటు ఎముకను స్పష్టంగా చూపించే సీటీ స్కాన్ కూడా అవసరం. ఎన్నో చోట్ల, ఎన్నో ఏళ్లుగా నలిగిన వెన్నుపాము ఒక్క డిస్కు కింద నలిగినదానిలా కోలుకోదు. ఆ జిల్లాల నుంచి మన ఆసుపత్రులకు వచ్చిన మనిషికి అంచనా చెప్పేటప్పుడు ఆయన ఏ ఊరి నీళ్లు తాగి పెరిగాడో అడగాలి.

బొమ్మ మభ్యపెట్టే సందర్భం ఇంకోటుంది. పడుచు కుర్రాళ్లలో ఒక చేయి సన్నబడటం మొదలైతే మెడ నిటారుగా పెట్టి తీసిన ఎమ్మారై బాగానే కనిపించవచ్చు. మెడ ముందుకు వంచి తీస్తే వెనక పొర ముందుకు జరిగి వెన్నుపామును అదుముతున్నట్టు తెలుస్తుంది. దాన్ని హిరయామా జబ్బు అంటారు. ఏ భంగిమలో బొమ్మ తీశామన్నది కూడా జవాబులో భాగమేనని ఆ జబ్బు చెబుతుంది.

రాబోయే కొలతలు

తగ్గే తెలుపునూ తగ్గని తెలుపునూ వేరుచేయడానికి ఇప్పుడు కొత్త పద్ధతులు వచ్చాయి. వెన్నుపాములో నీటి అణువులు తంతువుల వెంబడి తేలిగ్గా కదులుతాయి, అడ్డంగా కదలలేవు. తంతువులు చితికితే ఆ తేడా తగ్గిపోతుంది. 1994లో బాసర్ బృందం ఈ కదలికను కొలిచే డిఫ్యూజన్ టెన్సర్ పద్ధతిని వివరించింది. 0 నుంచి 1 మధ్య వచ్చే ఆ అంకె తగ్గితే తంతువుల అమరిక చెడినట్టు. ఇంకో పద్ధతి మైలిన్ ఎంత మిగిలిందో అంచనా వేస్తుంది. స్విట్జర్లాండులోని జూరిక్ పరిశోధకులు నొక్కుడు ఉన్న చోటికి చాలా పైన కూడా వెన్నుపాము చిక్కిపోతుందని చూపించారు. నొక్కుడు ఒకచోట పడినా దెబ్బ తంతువు పొడవునా పాకుతుందని అర్థం.

ఇవి ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు. వెన్నుపాము మందం ఒక సెంటీమీటరు లోపు. గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా, గుటక వేసినప్పుడల్లా అది కదులుతుంది. ఒక మెషీన్‌లో వచ్చిన అంకె ఇంకో మెషీన్‌లో రాదు. ఆపరేషన్‌లో పెట్టిన ప్లేటు, స్క్రూలు తర్వాతి బొమ్మను చెడగొడతాయి. అందుకే అనేక దేశాల కేంద్రాలు కలిసి అందరూ ఒకే తీరున వెన్నుపాము బొమ్మ తీయాలని 2021లో ఒక ఉమ్మడి పద్ధతి ప్రకటించాయి. ఆ బొమ్మల్ని కొలిచే సాఫ్ట్‌వేర్ కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. దాన్ని మన రాజమండ్రిలో కూర్చుని వాడుకోవచ్చు. ఖరీదైన యంత్రం కన్నా ముందు కావలసింది క్రమశిక్షణ.

ఇంట్లోవాళ్లతో మాట

అంచనా తెలిశాక చెప్పడం కూడా వైద్యమే. రోగిని, ఇంటి మనిషిని కూర్చోబెట్టి బొమ్మ చూపించాలి. "బాబాయ్ గారూ, నొక్కుడు తీస్తే జబ్బు ముదరకుండా ఆపడమే మా మొదటి పని. నడక బాగయ్యే అవకాశం ఎక్కువ. వేళ్ల తిమ్మిరి కొంత మిగిలిపోవచ్చు. మొదటి ఆరు నెలల్లో, ఏడాదిలో వచ్చేదే ఎక్కువ, తర్వాత నెమ్మదిగా వస్తుంది. రోజూ వ్యాయామం మానకూడదు" అని చెప్పాలి. కొద్దిమందికి ఆపరేషన్ తర్వాత భుజం పైకి లేవకపోవచ్చని, అది చాలామందిలో నెలల్లో సర్దుకుంటుందని కూడా ముందే చెప్పాలి. మెరిసే మచ్చ ఉన్నవారికి ఆ మాట దాచకూడదు. దాచితే, తర్వాత తగ్గని తిమ్మిరికి ఆపరేషన్ చెడిందనుకుంటారు. మళ్లీ చెట్టెక్కవద్దని చెప్పాల్సి వస్తే, ఇంకే పని చేయగలడో కూడా అప్పుడే మాట్లాడాలి. అంచనా రోగి జీవితాన్ని సర్దుకోవడానికి పనికిరావాలి. స్కాన్ బాగోలేదని చెప్పి ఆపరేషన్ తలుపు మూయడానికి దాన్ని వాడకూడదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల డబ్బు లేని ఇంటికి కూడా ఈ ఆపరేషన్ తలుపు తెరుచుకుంది.

ఈ డెల్టా చేయగల పని

చివరిగా, చేతిలో ఉన్న పనులు చెబుతాను.

ఊళ్లో మొదట రోగిని చూసే పీహెచ్‌సీ డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు, ఫిజియోథెరపిస్టులు ఐదు ప్రశ్నలు నేర్చుకోవాలి. గుండీలు పెట్టుకోగలరా, అన్నం కలుపుకోగలరా, గట్టు మీద నడవగలరా, కళ్లు మూసుకుంటే తూలుతున్నారా, మెడ వంచితే వీపులోకి కరెంటు కొట్టినట్టు ఉంటోందా. ఇంకో పరీక్ష పది సెకన్లు పడుతుంది. పిడికిలి గబగబా మూసి తెరవమనాలి. ఆరోగ్యంగా ఉన్న చేయి 20 సార్ల దాకా చేస్తుంది. బాగా తక్కువైతే పెద్దాసుపత్రికి పంపించండి. వెన్నుపాము నలిగిన మనిషి మెడను సెలూన్‌లో విరిపించుకోకూడదని, మాలిష్ చేయించి లాగించుకోకూడదని ఊరంతా తెలియాలి. ఇరుకు మెడ ఉన్న ముసలివాళ్లు గడప తట్టుకుని పడ్డా చేతులు చచ్చుబడవచ్చు.

స్కాన్ తీసేవాళ్లు మచ్చ ఉంది అని మాత్రమే రాసి ఊరుకోవద్దు. మసకదా, మెరిసేదా, ఎన్ని చోట్ల, టీ1లో నలుపు ఉందా, అడ్డుకోతలో ఎలా ఉంది అన్నది రాయాలి. ఫిలిమ్‌తో పాటు సీడీ ఇవ్వాలి. ఆపరేషన్ చేసేవాళ్లు ముందు, ఆరు నెలలకు, ఏడాదికి మార్కులు వేసి పెట్టాలి.

మూడోది ఇక్కడ కూర్చున్న విద్యార్థుల కోసం. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉంది. రాజానగరం, అమలాపురం, ఏలూరుల్లో కాలేజీలు వచ్చాయి. ఈ కాలేజీలన్నీ కలిసి మెడ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి రోగికీ ఒకే తీరు బొమ్మలు, ఒకే తీరు మార్కులు రాసిపెట్టే రిజిస్టరు ఒకటి మొదలుపెట్టాలి. జపాన్ రోగి, కెనడా రోగి ఎలా కోలుకున్నాడో మనం చదివాం. బస్తాలు మోసిన మెడ, తక్కువ పోషణతో పెరిగిన మెడ, ఆలస్యంగా వచ్చిన మెడ ఎలా కోలుకుంటుందో మనమే చెప్పాలి. ఆ లెక్క మనకు లేనంతకాలం మన రోగికి ఇంకెవరి అంచనానో అప్పుగా ఇస్తున్నాం.

సుబ్బారావు గారు ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఇచ్చారు. ఎన్నో ప్రయోగశాలలు దశాబ్దాల పాటు దాన్ని వాడాయి. కొలత సరిగ్గా ఉంటే దాని మీద వందమంది పని చేయగలరని ఆయన జీవితం చూపించింది. వెన్నుపాము విషయంలో మన పని అలాంటి కొలతను సంపాదించడం, ఆ కొలత పనికొచ్చే సమయంలోనే రోగిని స్కాన్ గదికి తీసుకురావడం. మొదటిదానికి ఏళ్లు పడతాయి. రెండోదానికి అక్కర్లేదు. పిడికిలి పరీక్ష రేపు ఉదయం ఓపీలోనే మొదలుపెట్టవచ్చు. విద్యార్థులను నేను కోరేది అదే.